ఖాళీగా వదిలిన గడి

నలభై ఎనిమిదేళ్ల వయసులో ఒలిందాకు నిలబడటం నేర్పుతున్నారు.

"భుజాలు వెనక్కి! గడ్డం పైకి! పాదాలు కాస్త ఎడంగా! ఈ గదిలో ఉన్న గాలంతా మీదే అనుకోండి," అంటోంది డాక్టర్ మఫాల్డా. ఆమె వారానికి రెండుసార్లు లిస్బన్ నుంచి రైల్లో వచ్చి ఇక్కడ పోర్తోలో ఆడవాళ్లకు ధైర్యం పోసి వెళుతుంది.

పన్నెండు మంది ఆడవాళ్లు బల్లలు గోడవారకు జరిపేసి, వరసగా నిలబడి గాలిని సొంతం చేసుకుంటున్నారు. వాళ్లలో ఒకావిడకు మూడు మందుల దుకాణాలున్నాయి. ఇంకొకావిడ మొగుడు పోయాక నలభై బస్సులు నడుపుతోంది. ఇక ఒలిందా మతోజీన్యుష్ రేవు పక్కన సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా పనంతా చూస్తోంది. పొద్దున ఆరింటికి వెళితే సాయంత్రం దాకా కాళ్ల మీదే ఉంటుంది. ఆ ఫ్యాక్టరీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటే ఉంది, అది పెదనాన్న అబిలియోది.

ఈ తిప్పలన్నీ ఆ కుర్చీ కోసమే. అబిలియోకు డెబ్భై ఆరేళ్లు వచ్చాయి, పిల్లల్లేరు. ఒక తమ్ముడి కూతురు ఒలిందా, ఇంకో తమ్ముడి కొడుకు గొన్సాలో. ఇద్దరిలో ఒకరికి డైరెక్టర్ పదవి అప్పజెప్పి, తాను హాయిగా ద్రాక్షతోట చూసుకుందామని ఆయన ఆశ. ఎవరికివ్వాలో తేల్చుకోలేక, ఇద్దరినీ నాయకత్వ శిక్షణకు పంపాడు. జూన్ ఇరవై మూడున, సావ్ జువావ్ పండగ రోజు ఫ్యాక్టరీ భోజనాల్లో పేరు చెబుతానన్నాడు.

"ఒలిందా, మీరు నవ్వుతున్నారు. ఆడవాళ్లం ఊరికే నవ్వేస్తాం, అదే మన బలహీనత," అంది మఫాల్డా.

"నవ్వు కాదండీ, నడుం నొప్పి," అంది ఒలిందా.

ఆమెకు ఒళ్లు మండిపోతోంది. నెల రోజులుగా ఇదే వరస. మొదటి వారం గొంతు కడుపులోంచి తీయడం నేర్పారు. రెండో వారం 'క్షమించండి' అనే మాట మానేయడం. మూడో వారం ఏ రంగు బట్టలేసుకుంటే మాట చెల్లుతుందో చెప్పారు. ఒలిందా మాత్రం ప్రతి వారం ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చింది. ఇవాళ మళ్లీ అడిగింది.

"డాక్టర్ గారూ, బ్యాలెన్స్ షీటు చదవడం ఎప్పుడు చెబుతారు? బ్యాంకు వాళ్లతో ఎలా మాట్లాడాలి, పెద్ద సూపర్ మార్కెట్లతో ఒప్పందం ఎలా రాసుకోవాలి, అవి?"

"అవి ఎదుటి గదిలో చెబుతారండీ. ఇది మహిళా నాయకత్వం. అది వ్యాపార నిర్వహణ."

"నన్ను ఎదుటి గదిలో ఎందుకు వేయలేదు?"

మఫాల్డా పాపం చెడ్డది కాదు. కాగితాలు తిరగేసి చూసి, "మీ పెదనాన్న గారు ఇందులోనే రాశారు. ఆడవాళ్ల కోర్సు సర్కారు వాళ్లు ఉచితంగా ఇస్తున్నారు కదా, అందుకని," అంది.

ఎదుటి గదిలో పద్నాలుగు మంది మగవాళ్లున్నారు. తలుపు అద్దంలోంచి బోర్డు మీద అంకెలు కనిపిస్తుంటాయి. ఒలిందా కాఫీ విరామంలో ఆ తలుపు దగ్గర నిలబడి, బోర్డు చెరిపేలోపు ఎంత దొరికితే అంత చీటీ మీద రాసుకునేది. కాలేజీలో ఐదేళ్లు చదివి ఆహార ఇంజినీరైన మనిషి, పరీక్షలో పక్కవాడి కాగితం చూసే పిల్లలా తలుపు సందులోంచి చూడాల్సి వచ్చింది. తలుచుకుంటేనే మొహం వేడెక్కేది.

గొన్సాలో కాఫీ కప్పు పట్టుకుని బయటికొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు, మంచి పొడగరి, అంతకంటే మంచి చొక్కా. కుర్రాడిలో విషం చుక్క లేదు. అదే ఒలిందాకు మరీ చిరాకు. తిట్టుకుందామన్నా కుదరదు.

"అక్కా, మాకివాళ ఏం నేర్పారో తెలుసా? వినడం!" అన్నాడు కళ్లు మెరుస్తుండగా. జేబులోంచి నారింజరంగు మెత్తటి బంతి తీసి చూపించాడు. "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మిగతా వాళ్లు నోరు మూసుకుని వినాలి. ఎంత గొప్ప ఆలోచనో! ఇన్నాళ్లూ మనకు తట్టనేలేదు!"

"నీకు తట్టలేదు నాయనా," అంది ఒలిందా. "అది సరే, ఆ అంకెల నోట్సు నాకివ్వు."

"అదా? అది బోరు. నేను రాసుకోలేదు."

ఒలిందా కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, మళ్లీ నిలబడటం నేర్చుకోడానికి లోపలికి పోయింది.

* * *

మే నెలాఖరున అబిలియో ఒక పరీక్ష పెట్టాడు. ఒక వారం గొన్సాలో ఫ్యాక్టరీ నడపాలి, ఇంకో వారం ఒలిందా నడపాలి, ఇద్దరూ కోర్సులో నేర్చుకున్నట్టే నడపాలి. ఆ తర్వాత కోర్సు వాళ్లు పనివాళ్లతో ఇద్దరికీ మార్కులు వేయించి, అభిప్రాయాల కాగితాలు రాయిస్తారు.

గొన్సాలో వారం పెళ్లివారిల్లులా గడిచింది. పొద్దున్నే కోతబల్లల మధ్యకు బంతి పట్టుకుని వచ్చాడు. అక్కడ నలభై మంది ఆడవాళ్లు చేపల తలలు కోసి, పేగులు తీసి, చిల్లుల పళ్లాల్లో పేరుస్తుంటారు. చేతులకు పొలుసులు, ఒంటికి రబ్బరు గౌను.

"చెప్పండి, మీ మనసులో ఏముంది?" అంటూ గొన్సాలో బంతిని రొజారియో చేతిలో పెట్టాడు.

రొజారియో ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో బంతి పట్టుకుని నిలబడిపోయింది. "డాక్టరు గారూ, నా మనసులో ఏముంటుంది, చేపలుంటాయి," అంది. అందరూ విరగబడి నవ్వారు. తర్వాత ఒకావిడ మోకాలి నొప్పి చెప్పింది, ఇంకొకావిడ మనవడి సంగతి చెప్పింది. గొన్సాలో తల ఊపుతూ విన్నాడు. చెప్పిందల్లా విన్నాడు. విన్న తర్వాత ఇంకేం చేయలేదు. ఈలోగా చేపలు వెచ్చబడకుండా వెనకాల నుంచి ఐసు వేయించింది ఒలిందా.

మూడో రోజుకల్లా బంతి కంపు కొట్టింది. అయినా సరే, "మన డాక్టరు గారు ఎంత ఓపికగా వింటారో!" అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మోకాలి నొప్పికి మందు పేరు కూడా ఒలిందాకు తెలుసు. ఆ మనవడికి కిందటేడు ఈ ఫ్యాక్టరీలోనే వెల్డింగు పని ఇప్పించింది కూడా ఆమే. అది ఎవరూ చెప్పుకోలేదు.

పైగా ఈ డాక్టరు గారు అన్న పిలుపొకటి. ఆ దేశంలో డిగ్రీ ఉంటే మగవాడు డాక్టరు గారే. గొన్సాలో మూడేళ్లు పర్యాటకం చదివాడు, డాక్టరు గారయ్యాడు. ఒలిందా ఐదేళ్లు ఇంజినీరింగ్ చదివింది. ఒలిందమ్మే అయింది. పెదనాన్న కూడా ఎప్పుడూ 'మా అమ్మాయి' అనే పరిచయం చేస్తాడు. ఒకసారి జర్మనీ నుంచి వచ్చిన కొనుగోలుదారు, 'అమ్మాయి' కాఫీ తెస్తుందేమోనని అరగంట ఎదురు చూశాడు.

తర్వాత వారం ఒలిందాది. మఫాల్డా చెప్పినట్టే వచ్చింది. నీలం కోటు. గడ్డం పైకి. పొద్దున ఆరు దాటి రెండు నిమిషాలకు జుల్మిరా వచ్చింది. జుల్మిరా కోతబల్లలకు పెద్ద మేస్త్రి, అరవై మూడేళ్లది. ఇరవై ఆరేళ్ల కిందట ఒలిందాకు చేప తల ఒక్క వేటుకు తీయడం నేర్పింది ఆమే.

"జుల్మిరా, రెండు నిమిషాలు ఆలస్యం," అంది ఒలిందా, గొంతు కడుపులోంచి తీసి.

జుల్మిరా ఆగి ఎగాదిగా చూసింది. "ఏమే, జలుబు చేసిందా? గొంతు అలా ఉందేం?"

"నేను మాట్లాడుతున్నాను. అంతరాయం కలిగించకండి."

కత్తెరలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. జుల్మిరా గౌను తాళ్లు నెమ్మదిగా కట్టుకుంది. "చిత్తం, మేడమ్ గారూ," అంది. ఆ 'మేడమ్ గారూ' ఒలిందాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ వారమంతా ఆమెతో ఎవరూ కాఫీ తాగలేదు. గురువారానికి ఆమెకే విసుగొచ్చి కోటు విప్పి కొక్కేనికి తగిలించేసింది. మఫాల్డా చెప్పిన గాలిని గాలికొదిలేసి, ఎప్పటిలా రబ్బరు గౌను కట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాక గానీ ఊపిరాడలేదు.

* * *

కాగితాలు జూన్ ఇరవైన వచ్చాయి. అబిలియో ఒలిందాను గదిలోకి పిలిచి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"గొన్సాలోకు పదికి తొమ్మిది పాయింట్ ఒకటి. నీకు ఐదు పాయింట్ నాలుగు. చూడమ్మా, నేనేం చేసేది?"

ఒలిందా కాగితం తీసుకుంది. గొన్సాలో కాగితంలో 'బలాలు' అన్న గడి కిక్కిరిసి ఉంది. మర్యాదస్థుడు. వింటాడు. ఇస్త్రీ చొక్కా. పిలిచి పలకరిస్తాడు. చావుకి పంపే కార్డు మీద రాసే మాటల్లా అన్నీ ఒకే తీరు. 'మెరుగుపడవలసినవి' దగ్గర, ఏమీ లేవు, ఏమీ లేవు, డాక్టరు గారికి మేం చెప్పేదేముంది.

ఒలిందా కాగితంలో 'బలాలు' అన్న గడి తెల్లగా ఉంది. నలభై మందిలో ఒక్కరు కూడా ఒక్క ముక్క రాయలేదు. 'మెరుగుపడవలసినవి' దగ్గర మాత్రం చోటు చాలక పక్కలకూ కిందకూ రాశారు. వేళకు తిండి తినదు. చలికోటు వేసుకోదు, చెబితే వినదు. ఆదివారం కూడా వస్తుంది, ఇల్లూ వాకిలీ లేదా. మొహం చూస్తే నిద్ర చాలినట్టు లేదు. ఆ నీలం కోటు ఇక వేసుకోవద్దు. కోపమొస్తే మాట్లాడదు, మాకు భయమేస్తుంది. తన పని మాత్రమే చూసుకోవాలి, అందరి పనీ నెత్తినేసుకోకూడదు.

"పెదనాన్నా, ఇవి తిట్లు కావు," అంది ఒలిందా. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"అంకెలు అంకెలేనమ్మా. పైగా ఇది చూడు. ఎవరికి వాళ్లు వేసుకున్న మార్కులు. గొన్సాలో తనకు తొమ్మిదిన్నర వేసుకున్నాడు. నువ్వు నీకు ఆరు వేసుకున్నావు. నీ మీద నీకే నమ్మకం లేకపోతే బ్యాంకు వాడికేం ఉంటుంది?"

"బ్యాంకు పని నాకు రాదు, అందుకని ఆరు. అది నేర్పే గదిలోకి మీరే నన్ను పంపలేదు!"

"నువ్వు ఊరికే ఉడుక్కుంటావు. ఇదిగో, ఇదే వాళ్లూ రాసింది."

ఒలిందా కాగితం నలిపి జేబులో కుక్కి, తిన్నగా కోతబల్లల దగ్గరికి వెళ్లింది. జుల్మిరా చెంబుతో బల్ల కడుగుతోంది.

"ఏం జుల్మిరా? ఇరవై ఆరేళ్లలో నాలో ఒక్క మంచి గుణం కనబడలేదా మీకు? ఒక్కటి?"

జుల్మిరా తెల్లబోయింది. "ఎవరన్నారే ఆ మాట?"

"ఈ గడి అంటోంది! ఇదిగో, నున్నగా, అద్దంలా ఉంది. నలభై మంది రాశారు, నలభై మందీ వదిలేశారు!"

జుల్మిరా చెయ్యి గౌనుకు తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "ఓ, అదా. నీ మంచి గుణాలు అందరికీ తెలిసినవేగా. తెలిసినవి మళ్లీ రాయడం ఎందుకని వదిలేశాం. తెలియనివి, చెప్పాల్సినవి రాశాం. ఎప్పుడూ అడగరు, ఇప్పుడు అడిగారు కదా, నీకు బుద్ధి చెప్పిద్దామని నేనే అందరికీ చెప్పాను."

"మరి గొన్సాలోకు?"

"ఆయన పరాయి మనిషి. పరాయి వాళ్ల గురించి చెడు రాస్తారా ఎక్కడైనా? అమ్మ నేర్పలేదూ?"

ఒలిందా నవ్వాలో ఏడవాలో తెలియక బల్ల మీద చతికిలబడింది. బల్ల తడిగా ఉంది. ఆ సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది.

"అమ్మ మేరీ! ఆ కాగితం చూసి పదవి ఇస్తారా ఏమిటి?" అంది జుల్మిరా గొంతు తగ్గించి. ఒలిందా అవునన్నట్టు తలూపింది. జుల్మిరా చెంబు కింద పెట్టేసింది.

* * *

పండగ రోజు ఫ్యాక్టరీ ఒంటిపూటే. పెరట్లో పొడుగాటి బల్లలు వేసి, బొగ్గుల మీద సార్డీన్‌లు కాల్చారు. రొట్టె ముక్క మీద చేప, పక్కన కాల్చిన మిరపకాయలు, ఎర్ర వైన్. అందరి చేతుల్లోనూ రంగురంగుల ప్లాస్టిక్ సుత్తులు. సావ్ జువావ్ రోజున ఎవరి నెత్తి మీద ఎవరైనా సుత్తితో కొట్టొచ్చు. కీచుమంటుంది. కొట్టించుకున్నవాళ్లు కోప్పడకూడదు. మేయరైనా పాదిరీ అయినా అంతే.

అబిలియో గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి లేచాడు. రెండు మాటలు తండ్రి గురించి, రెండు మాటలు సముద్రం గురించి చెప్పాడు. ఆ తర్వాత, "కాగితాలు చూశాను, అంకెలు చూశాను. సోమవారం నుంచి మీ డైరెక్టర్ గొన్సాలో. ఒలిందా ఎప్పటిలాగే వాడికి కుడి భుజంగా ఉంటుంది," అన్నాడు.

చప్పట్లు రెండు మూడు పడి ఆగిపోయాయి. జుల్మిరా ఒలిందా మొహంలోకి చూసే ధైర్యం లేక రొట్టె ముక్కలు చేస్తూ కూర్చుంది. ఒలిందాకు కన్నీళ్లు రాలేదు, కోపమూ రాలేదు. రోజంతా మోసిన బరువు ఎవరో దించమని చెప్పకుండానే లాగేసుకున్నట్టనిపించింది. ఇరవై ఆరేళ్లు. కుడి భుజమట.

అప్పుడే గొన్సాలో ఫోను మోగింది. అతడు పక్కకు వెళ్లి మాట్లాడి, వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"మొదటి రోజే శుభవార్త! ఒక పడవ ఇంజను చెడిపోయి ఆలస్యంగా ఇప్పుడే రేవుకొచ్చిందట. పండగ సరుకంతా పొద్దునే కొనేసుకున్నారు కదా, వీళ్ల చేపలు అడిగే నాథుడు లేడు. మూడు టన్నులు! పడవ వాడు చవగ్గా ఇస్తానన్నాడు. సరే అనేశాను. పావుగంటలో లారీ వస్తుంది!"

బాయిలర్ పదకొండింటికే ఆర్పేశారు. ఆవిరి రావాలంటే గంట పైన పడుతుంది. ఉప్పునీళ్ల తొట్లు కడిగి బోర్లించేశారు. ఐసు గదిలో సగం కూడా లేదు. జూన్ నెల ఎండలో సార్డీన్ గంటలో మెత్తబడుతుంది, రెండు గంటల్లో పొట్ట పగులుతుంది.

గొన్సాలో జేబు తడుముకున్నాడు. బంతి తీశాడు. "సరే, ఇప్పుడు ఏం చేద్దామో అందరి ఆలోచనా విందాం," అన్నాడు.

బంతి ఎవరూ అందుకోలేదు. నలభై మందీ ఒలిందా వైపు తిరిగారు. అబిలియో కూడా తిరిగాడు.

ఒలిందా కూర్చునే ఉంది. రొట్టె మీద ఇంకో సార్డీన్ పెట్టుకుంది. నెమ్మదిగా ముల్లు తీసింది.

"ఒలిందా, ఏంటమ్మా, లే!" అన్నాడు అబిలియో.

"డైరెక్టర్ గారిని అడగండి పెదనాన్నా. నేను భుజాన్ని. భుజం తనంతట తాను లేస్తుందా?"

గేటు అవతల లారీ హారన్ వినిపించింది. ఒలిందా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలలేకపోయింది. ఆ లారీలో చేపల కళ్లు ఇంకా తేటగా ఉండి ఉంటాయి. పెట్టెల అడుగున ఉన్నవి అప్పుడే వెచ్చబడుతూ ఉంటాయి. నిమిషాలు ఆమె ఒంట్లో లెక్క పడుతున్నాయి. పెదనాన్న మీద కసి, గొన్సాలో మీద చిరాకు, అన్నీ సరే. చేపలేం పాపం చేశాయి?

"ఛీ, నా బతుకు!" అంటూ రొట్టె పళ్లెంలో పడేసి లేచింది.

"రొజారియో, బాయిలర్! వాల్వు సగమే తిప్పు. ఒక్సానా, నలుగురిని తీసుకుని ఉప్పునీళ్లు. జుల్మిరా, పెద్దవి ముందు కోయించు, చిన్నవి ఐసులో ఉండనీ. గొన్సాలో, నువ్వు వైన్ చల్లబెట్టిన ఐసంతా తీసుకురా. అవును, అదే, వైన్ ఐసే. పక్క ఫ్యాక్టరీకి ఫోను చేసి ఇంకో బండెడు అడుగు. పరిగెత్తు!"

ఆమె భుజాలు ఎలా ఉన్నాయో, గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. పండగ బట్టల మీదే గౌన్లు కట్టుకుని నలభై మంది లోపలికి కదిలారు. గొన్సాలో నిజంగానే పరిగెత్తాడు. సాయంత్రం ఆరింటికల్లా మూడు టన్నులూ ఉడికి, నూనె పోసి, మూతలు పడి, వరసగా పేర్చి ఉన్నాయి. పాడైంది రెండు పెట్టెలు మాత్రమే.

అబిలియో పేర్చిన డబ్బాల చుట్టూ ఒకసారి తిరిగి, గొన్సాలో భుజం తట్టాడు.

"చూశావురా? మొదటి రోజే! గొంతు పెంచకుండా, ఎవరినీ కసరకుండా, పని దానంతట అదే అయిపోయేలా చేశావు. నాయకత్వమంటే ఇదీ!"

గొన్సాలో నోరు తెరిచాడు. ఆ లోపే కీచుమంది.

ఒలిందా చేతిలో పసుపుపచ్చ సుత్తి ఉంది. అబిలియో నెత్తి తడుముకుని నవ్వాడు. పండగ కదా. రెండోసారి కీచుమంది. ఆయన ఇంకా నవ్వాడు. మూడోసారి పడ్డాక నవ్వు పెదాల మీదే ఆగింది. ఒలిందా ఏమీ అనలేదు. అనాలంటే ఇరవై ఆరేళ్లు చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొట్టింది.

జుల్మిరా ఆమె చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"ఇటివ్వు. ఆ గడి మేం ఖాళీగా వదిలేశాం, మేమే నింపుతాం. అబిలియో గారూ, వంగండి. నా నడుం విరిగిపోతోందని ఎవరికీ చెప్పలేదు నేను. ఈ పిల్ల చూసి కనిపెట్టి, బల్లల కాళ్లన్నీ జానెడు ఎత్తు చేయించింది." కీచ్.

వెనకాల రొజారియో నిలబడింది. "నాది ఎడమ చేతి వాటం. మూడు ఊళ్లు తిరిగి ఎడమ చేతి కత్తెర తెచ్చింది." కీచ్.

తర్వాత ఒక్సానా. "నేను యుక్రెయిన్ నుంచి వచ్చినప్పుడు మాట రాదు. నా పక్కన నిలబడి తల, తోక, పొట్ట అని మొదలుపెట్టి భాష నేర్పింది. ఇప్పుడు మీతో ఇలా మాట్లాడుతున్నాను." కీచ్.

ఆ వెనకావిడ సుత్తి ఎత్తింది. "సర్కారు సార్డీన్ పట్టొద్దని ఆపేసిన ఏడాది, మీరు మోకాలి ఆపరేషనని ఆస్పత్రిలో ఉన్నారు. ఉత్తరాది పడవలతో మాట్లాడి మాకరెల్ చేపలు తెప్పించి, కొత్త డబ్బా పెట్టి, గేటుకు తాళం పడకుండా చూసింది ఎవరనుకుంటున్నారు?" కీచ్.

వరస గేటు దాకా సాగింది. ఎరుపు, పచ్చ, నీలం సుత్తులు. అబిలియో చేతులు అడ్డం పెట్టుకుంటూ, "చాలు, చాలు! ఇదంతా ఆ కాగితంలో రాసి ఉంటే నాకీ దెబ్బలు తప్పేవి కదే!" అని అరిచాడు.

"మీరూ యాభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు కదా అయ్యగారూ," అంది జుల్మిరా. "కళ్లెదుట ఉన్నది మీకు రాసివ్వాలని మాకేం తెలుసు?"

అబిలియో చేతులు కిందకు దిగిపోయాయి. ఆయన మొదటిసారి వరసంతా చూశాడు. చివర్లో ఒక పొడగరి మనిషి కూడా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా నిండా చేప పొలుసులు.

"నువ్వెందుకురా ఇందులో?"

గొన్సాలో తన వంతు వచ్చేదాకా ఆగి, మెల్లిగా తట్టాడు. "పెదనాన్నా, బాయిలర్ ఆర్పేశారని కూడా నాకు తెలీదు. సరే అనేశాను. అక్క నన్ను ఒక్క మాట అనలేదు, నవ్వలేదు, ఐసు తెమ్మంది అంతే. ఆ కుర్చీలో నేను కూర్చుంటే మీరు నిలబెట్టింది ఏడాదిలో మునుగుతుంది. నన్ను సరుకు అమ్మడానికి పెట్టండి. మాట్లాడటం నాకు వచ్చు."

అబిలియో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు నెత్తి నిమురుకున్నాడు. "సోమవారం నుంచి కుర్చీ నీదేనమ్మా," అన్నాడు, ఒలిందా వైపు చూడకుండా.

అందరూ కేక పెట్టారు. ఒలిందా పెట్టలేదు. ఆమెకు ఇంకా చిరాకుగానే ఉంది. ఇంత చేస్తే గానీ ఇంత తెలియలేదా ఈ మనిషికి అనే ఉంది.

"కుర్చీ తీసుకుంటాను. కానీ మంగళవారం ఆ ఎదుటి గదిలో నా పేరు రాయించండి," అంది. "అంకెలు నేర్పే గదిలో. తలుపు బయట నిలబడి కాదు, లోపల."

"రాయిస్తానమ్మా."

"అమ్మా కాదు పెదనాన్నా. ఆ పేరు ముందు ఇంజినీరు అని రాయించండి."

అబిలియో తలూపాడు. జుల్మిరా వెళ్లి, మధ్యాహ్నం సగంలో పడేసిన రొట్టె ఉన్న పళ్లెం వెతికి పట్టుకొచ్చి, ఒలిందా ముందు పెట్టింది. చేప చల్లారిపోయి, రొట్టె నూనె పీల్చి మెత్తబడింది.

"కూర్చో. తిను. కాగితంలో రాశాను కదా," అంది.

ఒలిందా కూర్చుని తిన్నది.